బోల్డ్ ఇటాలిక్, పద్దెనిమిది పాయింట్లు

ఆండర్సన్ వీధిలో మిట్టమధ్యాహ్నం
కాగితం రీములు మోసుకుని చేతిబండి వస్తుంది.
లాగేవాడు ముందుకి వాలి ఉంటాడు,
పడబోతున్నవాడిలా కాదు,
బండిని ఆగనివ్వనివాడిలా.
బరువంతా ఒంట్లో, వాలు నడుములో,
కాలివేళ్లు తారురోడ్డుని పట్టుకుని.

"అదిగో, చూసుకో" అనేవాడు పెంచలయ్య
స్టిక్కులో సీసం అక్షరాలు పేరుస్తూ, తలెత్తకుండానే.
"బోల్డు, ఇటాలిక్కు, సెరిఫ్.
మూడూ ఒక్క మనిషిలో."

నాకు టైపు నేర్పింది అలాగే.

మామూలు నిలువు అక్షరం గుమాస్తా.
పొద్దున వస్తుంది, సాయంత్రం పోతుంది,
ఎవరూ దాని ముఖం గుర్తుపెట్టుకోరు.
ఉత్త ఇటాలిక్ చెవిలో చెప్పే మాట,
ఓడ పేరు, మందు పేరు, పరాయి భాషలో సామెత.
ఉత్త బోల్డు రేషను షాపు ముందు కేక.
రెండూ కలిస్తే మాత్రం
గొంతు పెంచకుండా గట్టిగా చెప్పడం వచ్చినవాడు.

"పేజీకి ఒక్కడే పరిగెత్తాలిరా.
అందరూ పరిగెత్తితే తొక్కిసలాట."

ఆ కేసులో ఎఫ్‌లు ఎప్పుడూ తక్కువే.
మెడ పక్కవాడి మీదికి చాచి నిలబడతాయి,
ప్రెస్సు కాస్త గట్టిగా నొక్కితే విరిగేది అవే.
విరిగినవి మందుల డబ్బాలో వేసేవాడు, పారేసేవాడు కాదు.

ఇప్పుడు నా ముందు కంప్యూటర్.
ఒక మీట నొక్కితే ఏ అక్షరమైనా వంగుతుంది,
భుజం పట్టి తోసినట్టు. అది దొంగ వాలు.
అసలు ఇటాలిక్‌లో చిన్న ఏ
తన రూపమే మార్చుకుని అత్తారింటికి వస్తుంది.
మన తెలుగుని అలా తోస్తే
సంతలో కుండలు దొర్లినట్టే.
మన లిపికి కాళ్లు లేవు మరి, తలకట్టు ఉంది,
బండి లాగేవాడి తువ్వాలు లాగా.

నిన్న కస్తూరి అనే అమ్మాయి పెళ్లికార్డుకి వచ్చింది,
వెంట మేనమామ.
ఎడమ పక్క తెలుగు, కుడి పక్క ఇంగ్లీషు.
తల్లి పేరు ముందు 'లేటు' అని వేయాలన్నాడాయన, చిన్నగా.
అమ్మాయి వద్దంది.
నమూనాల పుస్తకం తిరగేసి, ఆ అక్షరం మీద వేలు పెట్టింది.
"ఇది నిలబడీ లేదు, పడుకునీ లేదు.
మా అమ్మ పేరు దీంట్లో వెయ్యండి."

అలివేలు.
ఈ వీధిలోనే, నాలుగో నంబరు మేడ మీద
పద్దెనిమిదేళ్లు కవర్లు మడిచిందట,
జిగురు గిన్నె మీదికి వంగి.
నేనా కవర్లలో ఎన్ని కార్డులు పెట్టి పంపానో.

పెంచలయ్య మాట చెప్పాను.
ఒక్కరికే ఇస్తాను,
మరి పెళ్లికూతురు, పెళ్లికొడుకు నిలువుగానే నిలబడాలి.
"నిలబడతాం" అంది.

మేనమామ గొణిగాడు,
పెళ్లికార్డులో పెళ్లివాళ్ల కంటే పోయినావిడ ముందుంటుందా అని.
ఫ్యాను గాలికి నమూనాలు ఎగురుతున్నాయి,
స్టేప్లర్ బరువు పెట్టాను.
తెలుగు వైపు అలివేలుని వంచలేదు,
కాస్త నల్లగా చేసి, చుట్టూ చోటు వదిలాను.

చివరికి ప్రూఫు మీద ఆయనే సంతకం పెట్టాడు,
కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని.
చూశాను.
సంతకం కూడా కుడి వైపుకే వాలింది.

నాలుగు వందల కార్డులు, గురువారానికి.
అడ్వాన్సు సగం ఇచ్చారు.