ఎనిమిదో పీరియడ్

శనివారం. వన్‌టౌన్ హైస్కూలు, పదో తరగతి బి సెక్షన్.
బెంచీల మీద పోర్టు బొగ్గుధూళి,
దాని మీద వేళ్ళతో రాసిన పేర్లు.
ఓడ కూత వేసింది. అది ఆగేదాకా
ఇక్కడెవరూ మాట్లాడరు, అలవాటు.
నేనూ ఆగాను.
పాతికేళ్ళ కిందట ఇదే కిటికీ పక్కన ఆగినదాన్నే.

హెడ్మాస్టరు గారు నన్ను "సైకాలజీ మేడం" అన్నారు
కాస్త గొంతు తగ్గించి,
ఎవరింట్లోనో జబ్బు గురించి చెబుతున్నట్టు.

వెనక బెంచీలోంచి పైడిరాజు:
"మేడం, మీది చినవాల్తేరా?"
క్లాసు ఘొల్లుమంది.
ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఆ వేళాకోళం విడమర్చనక్కర్లేదు.
అల్లరి చేస్తే మా అమ్మా అనేది,
వాల్తేరు ఆసుపత్రికి ఆటో ఎక్కించేస్తానని.

"అవును, అక్కడే పని నేర్చుకున్నాను" అన్నాను.
"గేటు పక్కన టీ బావుంటుంది."
నవ్వు సగంలో ఆగి
ఎటు పోవాలో తెలీక
డస్టరు పక్కన కూచుంది.

తర్వాత ప్రశ్నలు.
మొహం చూసి మనసు చెప్పేస్తారా?
లేదమ్మా, నీకు ఆకలేస్తోందో లేదో కూడా
అడిగితేనే తెలుస్తుంది నాకు.
నిద్రపుచ్చి నిజం చెప్పిస్తారా?
మా అబ్బాయినే నిద్రపుచ్చలేను.
బైపీసీ తీసుకోవాలా?
ఏదైనా ఫర్వాలేదు. డిగ్రీ, ఆపైన ఎం.ఏ., ఆపైన ఇంకా శిక్షణ.
లెక్కలకి జడిసి పారిపోయి వచ్చినవాళ్ళ కోసం
అక్కడ స్టాటిస్టిక్సు కాచుకుని ఉంటుంది.

జీతమెంత?
గది ఒక్కసారి సద్దుమణిగింది.
షిప్‌యార్డు నాన్నలు, చీటీలు కట్టే అమ్మలు
కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డట్టే ఉంది.
అబద్ధం చెప్పలేదు.
మొదటి మూడేళ్ళూ నా స్కూటీ వాయిదాలు
మా అక్కే కట్టిందన్నాను.

అప్పుడొక పని పెట్టాను.
ఇద్దరిద్దరు, నాలుగు నిమిషాలు.
ఒకరు చెప్పాలి, ఒకరు వినాలి.
సలహా ఇవ్వకూడదు.
"మా ఇంట్లోనూ ఇంతే" అనకూడదు.

మొదటి నిమిషమంతా కిసకిసలు.
రెండో నిమిషంలో ఫ్యాను చప్పుడు వినబడింది.
మూడో నిమిషంలో
జాకీర్ ఏదో చెబుతుంటే పైడిరాజు
పెన్ను మూత కొరకడం మానేశాడు.
ఏం చెప్పాడో నాకు తెలీదు.
తెలియాల్సిన పనీ లేదు.

"ఎలా ఉంది?" అంటే
మైలపల్లి నూకరత్నం లేచింది.
లేచి, బల్ల మీద తన పేరు చెరిపేసి, చెప్పింది:
"మా తాత గుండుకి సబ్బు రాసి నీల్లలోకి దించుతాడు మేడం.
పైకి లాగితే ఇసకంటుకుంటే ఓ నెక్క,
బురదంటుకుంటే ఓ నెక్క.
వల ఎక్కడెయ్యాలో అప్పుడు తెలుత్తాది.
ఇదీ అలాగే ఉంది."
కూచోబోయి, మళ్ళీ లేచింది.
"ఒక్కోపాలి ఏటీ అంటుకోదు మేడం."
"అప్పుడేం చేస్తాడు?"
"ఏటి సేత్తాడు, మల్లీ దించుతాడు."

నేను తెచ్చిన చార్టు చుట్టలోనే ఉండిపోయింది.
అందులో ఎనిమిది రంగుల్లో
ఈ వృత్తి శాఖలు గీసి ఉన్నాయి.
రాత్రి పదకొండింటిదాకా గీశాను.
తలుపు పక్కన ఆనించి వచ్చేశాను,
కావలసినవాళ్ళు విప్పుకుంటారు.

బెల్లు కొట్టాక గేటు దగ్గర
పరిగెత్తుకొచ్చాడు పైడిరాజు.
చొక్కా గుండీ ఒకటి తప్పు కాజాలో ఉంది.
"మేడం, ఆ టీకొట్టు నిజంగా ఉందా?"
ఉందన్నాను.
బూటు ముక్కుతో ఇసక గీరాడు కాసేపు.
"అక్కడ చీటీ ఎన్నింటికి రాస్తారు?"

ఎవరికని నాలిక చివరిదాకా వచ్చింది.
నాలుగు నిమిషాల నియమం నాక్కూడా వర్తిస్తుంది కదా.
"సోమవారం, తొమ్మిదింటికి" అన్నాను.
"టీకొట్టు దగ్గరే ఉంటాను."

తలూపి, వెనక్కి పరిగెత్తి,
సగం దూరంలో ఆగి అరిచాడు:
"అన్నకి పంచదార ఎక్కువుండాల!"