ఆల్టో చోటు

నలభై డాలర్లు బాకీ నువ్వు నాకు, డెల్ఫీన్.
ఎర్ర బూట్లకని తీసుకున్నావు,
"నాష్‌విల్‌లో ముందు పాదాలే చూస్తారే" అంటూ.
మరిచిపోయాననుకోకు.

మన చర్చికి ఆర్గన్ కొనే స్తోమత లేదు.
డీకన్ థర్మన్ ఒళ్ళో స్టీల్ గిటారు, అదే మన వాద్యం.
రంపపు మిల్లు రెండు వేళ్ళు తినేసిన చేత్తో
ఇనుప కడ్డీని తీగల మీద జార్చేవాడు.
ప్రార్థనలో మాటలు చాలని చోట
అది ఏడుపందుకునేది.
మూడో వరుసలో మదర్ హెస్టర్ టోపీ ఈక వణికేది.
నీకు తొమ్మిదేళ్ళు, నాకు ఏడు.

ఒక శనివారం
సబ్బునీళ్ళలో మోచేతుల దాకా మునిగి ఉండగా
పక్కింటి ట్రక్కు రేడియోలో ఎవడో తెల్లవాడు
వదిలేసి పోయిన పెళ్ళాం గురించి పాడుతున్నాడు.
వాడి గొంతు వెనకాల అదే ఏడుపు,
అదే ఇనుము జారుడు.
"మన డీకనే!" అని అరిచావు.
"కాదే పిచ్చిదానా" అన్నాను.
ఎవరిది ఒప్పో ఇప్పటికీ తేలలేదు.

తర్వాత ఆదివారాలు ఊదారంగు అంగీలో పాడావు,
శుక్రవారం రాత్రులు హైవే పక్క బారులో,
చిందిన బీరు బూట్లకు జిగటగా అంటుకుంటుంటే.
గొంతు ఒకటే. మార్చుకోవడం నీకు రాదు.
తలుపు దగ్గర ఒకడు "వంటగది వెనకవైపు" అన్నాడట.
ఇంకొకడు "బ్లూసా?" అన్నాడట.
"కంట్రీ" అంటే
నవ్వి, చుట్టూ చూసి, మళ్ళీ నవ్వాడట.
నువ్వూ నాకు నవ్వుతూనే చెప్పావు.
చెప్తూ చెప్తూ చొక్కా పైగుండీ
నాలుగుసార్లు తీసి పెట్టుకున్నావు.

మనవాళ్ళేం తక్కువ తిన్నారా?
పాస్టర్ కేకలెయ్యలేదు, వాక్యమెత్తి చూపలేదు.
క్వయర్ బీరువాలో నీ హ్యాంగర్ ఖాళీ అయింది, అంతే.
నీ అంగీ రెనీటాకిచ్చారు. పొట్టిపిల్ల.
అంచు నేనే కుట్టాను.
కత్తిరించమన్నారు.
నాలుగంగుళాలు లోపలికి మడిచి
పెద్ద పెద్ద కుట్లు వేశాను, చిటికెలో ఊడొచ్చేలా.

అమ్మ సంగతి అడగవు. నేనే చెప్తాను.
రేడియోలో నీ పేరు చెప్పగానే
వంటింట్లో కుళాయి తిప్పుతుంది.
వినడం ఇష్టం లేదేమో అనుకున్నాను చాన్నాళ్ళు.
మొన్న గుమ్మంలోంచి చూశాను.
సింకులో ఒక్క గిన్నె లేదు.
ఆమె చేతులు పొడిగానే ఉన్నాయి.

నిన్న కోళ్ళ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి
కారులో కూర్చున్నాను, వేళ్ళకింకా క్లోరిన్ వాసన.
నీ కొత్త పాట వేశారు,
వాగు దాటనని మొరాయించిన కంచరగాడిద కథ.
రెండో చరణం చివర ఊపిరి తీసుకున్నావు చూడు,
మాట పూర్తిగా నేల మీద పెట్టాక, నింపాదిగా.
"దేవుడికి తొందర లేదమ్మాయ్, నీకెందుకు?"
మదర్ హెస్టర్ పోయి పదకొండేళ్ళు.
ఆమె ఊపిరి నాష్‌విల్ దాకా
నీ పక్కటెముకల్లో దాక్కుని వెళ్ళింది,
టికెట్టు లేకుండా.

పల్లవిలో నీ గొంతు కింద
ఒక మెట్టు ఖాళీగా ఉంది.
ఎవరినీ నిలబెట్టలేదక్కడ.
డబ్బు చాలకనా? కావాలనా?
నేనెక్కి నిలబడ్డాను.
అద్దం దించి ఉన్న సంగతి మరిచి పాడాను,
పొద్దు పొడుస్తున్న పార్కింగులో.
నాతోపాటు కోళ్ళు కోసే డార్లీన్
సిగరెట్టు ఆర్పకుండా అలాగే ఆగిపోయి,
"రేడియోలో ఇద్దరు పాడుతున్నారా?" అంది.
నేను జవాబు చెప్పలేదు.
పాట ఇంకా అవలేదు మరి.

రెనీటా పెళ్ళి చేసుకుని మోబిల్ వెళ్ళిపోయింది.
అంగీ నా దగ్గరే ఉంది.
కుట్లు విప్పి ఇస్త్రీ చేశాను,
మడత గీత మాత్రం పోవడం లేదు.
వస్తే వేసుకో, రాకపోతే నీ ఇష్టం.
నలభై డాలర్లు పంపు.