జోడు లేనివి

పొద్దుగాల నాలుగున్నరకు
ఇన్‌స్పెక్టర్ సారు చేతిల పెట్టిండు,
ఒక ఇనుప బిళ్ల, ఒక బకీటు.
"ఎనిమిదిలోపు గోడలు సాఫ్ కావాలె సైదమ్మా,
పెద్దసారు క్లాక్ టవర్ మీదికెల్లే పోతడు."

దేనివి గీకాలని అడగలే.
నాకు ఎరుకే.

పోయిన బేస్తారం
కలెక్టరాఫీసు గేటు ముంగట
హాస్టలు పిల్లలు కూసున్నరు.
నాలుగు నెల్ల మెస్సు బిల్లు రాలే,
చారుల పప్పు కనవడక
గిన్నెలు మోగిచ్చుకుంట కూసున్నరు.
గిన్నెల సప్పుడే ఇనొచ్చింది ముందుగాల.
తర్వాత వేరే సప్పుడు,
తడి బట్టను బండకేసి కొట్టినట్టు.
కాని బట్ట అరవదు గద.

మాపటికి నన్ను పిలిచిండ్రు, ఊడ్వనీకె.
గాజు పెంకులు, ఒక చున్నీ, సొట్టవోయిన గిన్నె,
ఇగ చెప్పులు.
ముప్పై ఒకటి లెక్కవెట్టిన.
ఒక్కదానికన్న జోడు లేదు.
పట్టె తెగితే పిన్నీసు గుచ్చిన హవాయి,
మడిమకాడ అరిగి అరిగి
అవుతలి నేల కనవడే రబ్బరుది,
కొత్తది ఒకటి, ధర కాయితం ఇంకా ఊడలే.
డంపింగు యార్డుకు పొయ్యే ట్రాక్టరు ఆగింది.
నేను అండ్ల ఎయ్యలే.
సంచిల నింపి మా ఇంట్ల మంచం కిందికి తోసిన.
ఎందుకంటే ఏం చెప్పాలె,
ఎవలన్న ఒంటికాలి చెప్పుతోని
ఎతుక్కుంట వస్తరేమో అనుకున్న.

వచ్చింది, మూడో నాడు.
కొర్ర రోజ, దేవరకొండ దిక్కు తండా పిల్ల,
ఎడమచెయ్యి మెడకు యాలాడుతున్నది.
"అమ్మా, ఆనాడు ఊడ్చినవి..."
సంచి మూతి ఇప్పిన.
తనది ఏరుకుంటదనుకుంటే
సంచి సంచే ఎత్తుకున్నది.
"మళ్ల తెచ్చిస్త" అన్నది,
నేనేదో బియ్యం బదులిచ్చినట్టు.

గిప్పుడు గోడల పొంటి అవే.
రామగిరి మలుపుల, పశువుల దవాఖాన గోడకు,
బస్టాండు మూత్రశాల పక్కకు,
నీలిమందుల ముంచి
పాత క్యాలెండరు ఎనక తెల్లదనం మీద
అచ్చుగొట్టిన అరికాళ్లు.
అక్షరాలు తక్కువ. నాకు చదువు రాదు,
పాలపాకెట్లేసే ఖలీల్ సైకిలాపి చదివిండు:
"రెండోది మీ దగ్గరుంది."
అంతే. కింద పేరు లేదు, సంఘం లేదు.

నీళ్లు చల్లి గీకిన.
గంజి మంచిగ కాశిండ్రు,
మైదా గాదు, బియ్యంది.
హాస్టలు బియ్యమే అయ్యుంటయ్.
వేళ్ల దిక్కు జల్ది ఊడుతది,
మడిమ మాత్రం గోడను పట్టుకొనే ఉంటది.
ఒకదాని మీద పిన్నీసు గీత గూడ పడ్డది,
సన్నగ, ఎంట్రుక లెక్క.
దాని మీద బిళ్ల ఆనిచ్చి
చానసేపు నిలవడ్డ.
"ఏందక్కా, నిలవడే నిద్రవోతున్నవా"
టీ బండి లింగస్వామి నవ్విండు.

గీకిన.
గీకలేదని చెప్తే మీకు మంచిగనిపిస్తది గాని
గీకిన.
నెలకు పన్నెండు వేలు,
అవి గూడ రెండు నెల్లకోసారి.

ఎనిమిదింటికి గోడలు సాఫ్.
కార్లు పోయినయ్ అద్దాలెత్తుకొని.
ఆఫీసుల హాజరు రిజిస్టరు తెరిచి
సారు సిరా డబ్బీ నా దిక్కు జరిపిండు.
డబ్బీ ముట్టకముందే
బొటనేలు పడ్డది కాయితం మీద,
నీలంగ,
గీతలు గీతలుగ,
చిన్న అరికాలు లెక్క.

సారు కాయితం దిక్కు చూసిండు.
నా చెయ్యి దిక్కు చూసిండు.
ఏమనలే.
పేజీ తిప్పనీకె మాత్రం
తన ఏలు ఏడ పెట్టాలెనో
తోచలే ఆయినకు.