సున్నా నంబరు ఇల్లు

గలీసియా రేవులో మా సార్డీన్ల ఫ్యాక్టరీ.
మొత్తానికి ఒకటే కంప్యూటరు,
మెట్ల కింద, చీపుళ్ల పక్కన,
నల్ల బీరువాలా, పదహారేళ్లుగా గురక పెడుతూ.
జీతాలు అందులోనే, చేపల తూకాలు అందులోనే,
నేను చేసే ప్రయోగాలూ అందులోనే.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు.
మా ఒరలో ఉన్నది ఒక కత్తీ, దాని అద్దపు బొమ్మా.
ఏది కోస్తుందో వేలు పెడితే గాని తెలియదు.

ఆ గురువారం సాయంత్రం
బిల్లుల ప్రోగ్రాములో ఒక కామా సరిచేసి
ఉత్తుత్తి కొనుగోలుదారు ఒకణ్ణి పుట్టించాను:
ఎవరూకాదు అండ్ సన్స్,
సున్నా నంబరు ఇల్లు, పొగమంచు వీధి, కోర్కుబియోన్.
మూడొందల పెట్టెలు, అర్జెంటు.
ఎంటర్ కొట్టి, కోటు తగిలించుకుని ఇంటికెళ్లాను.

లైబ్రరీల వరుసలో
ప్రయోగానిది పైన ఉందనుకున్నాను.
అసలుది ఉంది.

గోదాములో ప్రింటరు కిర్రుమంది.
ఒబ్దూలియా కాగితం చింపుకుంది,
ఆమెకు కాగితమంటే కాగితమే.
బ్రాయిస్ లారీ నింపుకుని
వానలో, రాత్రంతా,
లేని వీధిని వెతుక్కుంటూ తిరిగాడు.

తెల్లారి నా బల్ల మీద తాళాలు పడేసి
"మీ వీధి దొరకలేదు" అన్నాడు.
తిట్టలేదు. తిడితే బావుండేది.
రెండొందల తొంభై ఎనిమిది పెట్టెలు వెనక్కొచ్చాయి.

ఆ ఆదివారం గోడ కట్టాను.
ప్రయోగానికి వేరే లైబ్రరీ, వేరే లాగిన్,
తెర చుట్టూ ఎర్రటి అంచు,
ఏ ప్రింటరుకూ చేరని ప్రింటు వరుస.
అసలు ఫైళ్ల మీద రాసే హక్కు
నా చేతిలోంచి నేనే లాక్కున్నాను.
ఏ మార్పైనా గోడ దాటాలంటే ఇప్పుడు
లెక్కల సెబెరియానో సంతకం కావాలి.
ఆయనకు ప్రోగ్రాములు రావు.
అందుకే ఆయన.

ఆ రెండు పెట్టెల సంగతి
బ్రాయిస్ చాలా రోజులకు చెప్పాడు.
రేవు చివర, నంబరు ఊడిపోయిన తలుపు,
లోపల దీపం. తట్టాడు.
వలలు అల్లే ఆవిడ.
"ఇవి మీవేనా?" అంటే
కాసేపు ఆలోచించి
"కావచ్చు" అందట.

ఏటా సరుకు లెక్కలో
మైనస్ రెండు తేలుతుంది.
సెబెరియానో దాని చుట్టూ సున్నా చుట్టి
నా వైపు చూస్తాడు.
సరిచేసే ప్రోగ్రాము రాసే ఉంది,
గోడకు ఇవతల, ఎర్ర అంచులో.
పరీక్ష కూడా నెగ్గింది.
అటు పంపడానికే
నాకింకా చెయ్యి రావడం లేదు.