మంచుకు గింజలుండవు

చండూరు బస్సు దిగి
సీసాల డబ్బా భుజానేసుకొని వొచ్చిందామె.
నార్వే అంట. పేరు సొల్వెయ్.
నాలుక తిరగక అవ్వ సల్వమ్మ అన్నది.
ఆమె ఆ పేరుకే పలికింది.

బోర్ల నీళ్లల్ల ఫ్లోరైడ్ కొలిచేటందుకొచ్చిన మనిషి
క్రిస్మస్ ముందటి సందెకాడ
మా అరుగు మీద కూసొని
తమ్ముని చేతుల తుమ్మకొమ్మ చూసింది.
కొమ్మకు ముండ్లు, ముండ్లకు పత్తి.
ఆఖరి ఏరుడుది, మార్కెట్ల ఎవ్వడు ముట్టని
పసుపు మచ్చల పత్తి.
"ఇది మంచు" అన్నడు నతానియేలు.
ఒక పింజ తెంపి, వేళ్ల నడుమ నలిపి
"మంచుకు గింజలుండవు" అన్నదామె
వచ్చీరాని తెలుగుల.

నాయిన వెదురుబద్దల చుక్కకు
ఎర్రకాయిదం అంటిస్తున్నడు.
కొత్త సున్నం వాసన, ఉడికిన మైదా వాసన,
పొయ్యి మీద సకినాల నూనె.

వాళ్లూర్ల పగటీలి మూడింటికే పొద్దుగూకుతదంట.
"కరెంటు పోతె?" అన్నది అవ్వ.
"పోదు."
"మరి చీకటైందని మీకెట్ల తెలుస్తది?"
సల్వమ్మ చానాసేపు ఆలోచించింది.

పండుగ పూట గడెకు ధాన్యపు కట్ట గట్టి
పిట్టలకు పెడ్తరంట ఆడ.
నాయిన మాట్లాడలే.
చూరు దిక్కు గడ్డమెత్తి చూపిండు.
వరికంకుల కుచ్చు, దాని మీద
కొట్లాడుకుంట రెండు పిచ్చుకలు.

వాళ్ల కొట్టంల ఒక మరుగుజ్జు ముసలోడుంటడంట,
ఎర్రటోపోడు, కండ్లకు కనపడడు.
గిన్నెడు పరమాన్నం పెట్టకుంటె
ఆవుల తోకలు ముడేస్తడంట.
అవ్వ నవ్వింది:
"అసొంటోడు మా కాలంల గడీల ఉండె.
ఎంత పెట్టినా ముడేసెటోడు."

ఆ రాత్రి పరమాన్నం గంజుల
సల్వమ్మ ఒక్కటే ఒక్క బాదంపప్పు ఏసింది.
ఎవలకొస్తె వాళ్లకు ఏడాదంత మంచిది.
తమ్ముడు మూడుసార్లు పెట్టించుకున్నడు.
పక్కింటి పోరగాండ్లు, పాస్టరమ్మ, పాటలకొచ్చిన డప్పు దావీదు,
అందరు మెల్లగ నములుడే.
గంజు అడుగు గీకినం.
బాదం లేదు.
అవ్వ మెడ తిరగదు, నీళ్లు ఎముకలల్లకు దిగి
ఇరవై ఏండ్లాయె.
గోడ దిక్కు చూసుకుంట కూసున్నది, ఏమెరగనట్టు.

అర్ధరాత్రి గంట కొట్టినంక,
అందరం ప్రార్థనల కండ్లు మూసుకున్నంక
నా అరచేతిల తడితడిగ ఏదో పెట్టింది.
పొట్టూడిన బాదం.
పండ్లులేని దవడల దాసి తెచ్చింది.
"ముందుగాల్నే తీస్తె ఎవరన్న రెండోసారి తింటరా" అన్నది చెవుల.

దొరికినోళ్లు గంజు ఒడిసేదాక దాయాల్నని
వాళ్లూర్ల సుత కట్టడుందంట.
సల్వమ్మ అది మాకు చెప్పనే లేదు.

జనవరిల కాయిదమొచ్చింది.
మా బోరు నీళ్లకు నాలుగున్నర.
ఒకటిన్నర దాటొద్దని కింద రాసున్నది.
నాయిన రెండుసార్లు చదివి మడతపెట్టిండు.
"చుక్క ఒక కొమ్ముకాడ చినిగింది గద,
ఆడ అంటియ్యి" అన్నది అవ్వ.

ఇప్పటికి అదే చుక్క.
బల్బు ఏస్తె నాలుగు కొమ్ములు ఎర్రగ,
ఒకటి తెల్లగ.
దగ్గరికొస్తె అంకె కనపడ్తది.