తోడు

కంటికి ఏమీ లేదు.
సీసాని లైటు కింద వంచి చూశాను,
నల్ల అట్ట ముందు ఒకసారి, తెల్ల అట్ట ముందు ఒకసారి.
నీళ్ళలాగే ఉంది.
నీళ్ళకన్నా బుద్ధిగా ఉంది.

అత్తిబెలె దగ్గర వ్యాను ఆగిపోయిందట, ఐదు గంటలు.
లోపలి ఫ్రిజ్ మూలిగి మూలిగి ఊరుకుందట.
డ్రైవరు నంజుండి సంతకం పెడుతూ
"ఏనూ ఆగిల్ల మేడమ్" అన్నాడు.
ఆ మాట రాయడానికి ఫారంలో గడి లేదు.

బొమ్మసంద్ర. రాత్రి తొమ్మిదిన్నర.
థయోఫ్లావిన్ తీశాను.
కొత్త బట్ట మూలకి పెట్టినంత పసుపు.
వెలుతురు తగిలితే పాడవుతుందని
వెండిరేకు చుట్టి దాచుకుంటాం.

దీని గుణం చెప్పాలి.
రెండు ముక్కలు, మధ్య ఒక్క కీలు.
విడిగా ఉంటే తిరుగుతూనే ఉంటుంది,
ఇచ్చిన వెలుగంతా తిరగడానికే ఖర్చు,
నా జీతం ఆటోలకి పోయినట్టు.
ఎక్కడో ఇరుకులో, ఊపిరాడని చోట
కీలు బిగిసిపోయిందా,
అప్పుడు వెలుగుతుంది.

ఇన్సులిన్ ఎవరి మడత వాళ్ళు మడుచుకుని ఉన్నంతసేపే మందు.
వేడికో కుదుపుకో ఒకటి మడత విప్పుకుంటుంది,
పక్కదాన్ని ఆనుకుంటుంది,
ఆ రెంటినీ చూసి మూడోది.

మా హాస్టల్లో ఓబులేశ్వరి
రాత్రిళ్ళు స్టీలు గిన్నె పట్టుకుని గదిగదికీ తిరుగుతుంది:
"అక్కా, తోడుందా?"
చెంచాడు చాలు.
తెల్లారేసరికి గిన్నెంతా ఒకే మాట మీద ఉంటుంది.

తొంభై ఆరు గుంటల పలక.
మొదటి వరుసలో మందు లేదు, రంగు మాత్రమే.
ముప్పై ఒకటి. ముప్పై నాలుగు. ముప్పై.
చీకటికి కూడా ఇంత లెక్క ఉంటుంది.
మంచి బ్యాచి నలభై దాటలేదు.
నంజుండి తెచ్చింది
రెండు వేల నూట ఎనభై ఆరు.

నమ్మలేదు. మళ్ళీ కలిపాను.
మందులో వేసే సబ్బులాంటిది
ఒక్కోసారి దొంగ వెలుగు ఇస్తుంది,
దాన్ని విడిగా పెట్టి అడిగాను.
దాని తప్పేం లేదు.

పదకొండు వేల సీసాలు.
అంకె రాశాను, తేదీ వేశాను.
రాయాల్సింది అంతే.
తర్వాత, ఎవరూ చెప్పని పని ఒకటి చేశాను:
గదిలో దీపాలార్పి, పలకని నీలిలైటు మీద పెట్టి
పసుపు అద్దంలోంచి చూశాను.

ఆకుపచ్చగా, గుంట తర్వాత గుంట.
ఇంత అందం పారబోయాల్సిందే.

కింద నంజుండి స్టీరింగు మీద తల పెట్టి నిద్రపోతున్నాడు.
ఏమీ కాలేదనే కల అయ్యుంటుంది.
లేపలేదు.

హాస్టలుకి చేరేసరికి రెండు.
ఓబులేశ్వరి కిటికీలో గిన్నె.
మూత తీసి, కొంచెం వంచాను.
ఇంకా పాలే. కదిలాయి.
చప్పుడు కాకుండా మూత పెట్టేశాను,
కుదిపితే ఇది తోడుకోదు.