వెంట్రుకవాసి

రేపు పొద్దున తొమ్మిదింటికి బండి తనిఖీ.
వెనక ఎడమ షాకబ్జార్బరు నూనె కారిపోయింది.
కొత్తది డబ్బాలో ఉంది.
పాతదాన్ని పట్టుకున్న కింది బోల్టు మాత్రం
ఉలకదు, పలకదు.

పుంతా అరేనాస్‌లో గాలి కూడా ఉప్పు తిన్నదే.
జలసంధి మీంచి లేచి, రేకుల కంచె దాటి,
ఈ ట్రక్కు అడుగున పదిహేనేళ్లుగా కాపురం పెట్టింది.
బోల్టుకీ నట్టుకీ మధ్య ఇప్పుడు సందు లేదు,
రెండూ కలిసి ఒకటే గోధుమరంగు గడ్డ.

కంకర మీద అట్టముక్క పరుచుకుని
వెల్లకిలా పడుకున్నాను.
కళ్లలో తుప్పు రాలుతోంది.
పదిహేడో నంబరు పానా జారింది. కణుపు మీద తోలు లేచింది.
మళ్లీ పెట్టాను. మళ్లీ జారింది.
పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటారే,
నేను పట్టిన బోల్టుకి ఆరు మూలల్లో మూడే మిగిలాయి.

"తిట్టకు," అంది ఒతీలియా అత్త,
గుమ్మంలో ముక్కాలిపీట మీద కూర్చుని.
"ఇనుముకి చెవులుండవు. నాకున్నాయి."

ఆమె కొడుకు రెండేళ్ల కింద పోర్వెనీర్ పడవెక్కి
అటు ఒడ్డున ఇంకో పొయ్యి రాజేసుకున్నాడు.
ట్రక్కు నాకొదిలాడు. అమ్మని కూడా.
దాని గురించి మేమిద్దరం మాట్లాడుకోం.
మాట్లాడుకోవడానికి మా ఇంట్లో
ఎప్పుడూ ఏదో ఒకటి కారుతూనే ఉంటుంది.
కుళాయి, పైకప్పు, ఇవాళ ఇది.

ముప్పయ్యేళ్లు మాంసం గిడ్డంగిలో చలికి పనిచేసిన మనిషి.
గడ్డకట్టిన కొక్కేలూ, గడ్డకట్టిన గొళ్లేలూ
ఆ చేతులకి తెలుసు.
"విప్పడానికి చూడకు. ముందు బిగించు."
"ఇంకా బిగించాలా?"
"వెంట్రుకవాసి.
నువ్వు ఒకవైపు నుంచే వస్తావని అది కాచుకుని కూర్చుంది."

లోపలికెళ్లి గ్యాసు మంట గొట్టం తెచ్చింది.
రెండో చేతిలో ఈవో కేకు మీది కొవ్వొత్తి,
నీలంది, సగం కాలింది.
నట్టు ఎర్రబడేదాకా కాల్చి
ఆ వేడికి కొవ్వొత్తి ఆనించమంది.
మైనం కరిగి మరల్లోకి పాకింది,
పిలవని చుట్టంలా, చప్పుడు లేకుండా.
రబ్బరు కాలిన కంపులో
కాసేపు పుట్టినరోజు వాసన.

పదహారు సాకెట్టుని సుత్తితో దిగ్గొట్టి,
పిడికి పాత నీళ్ల గొట్టం తొడిగి,
వెంట్రుకవాసి బిగించాను.
తర్వాత ఇటు. ఇద్దరం.
అవును, ఆమె కూడా,
డెబ్బై రెండేళ్ల మోకాళ్లు కంకర మీద మోపి.

టప్.

విరిగిందనే అనుకున్నాం.
ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.
గొట్టాన్ని మెల్లగా కదిపాను.
కిర్రుమంది. తిరిగింది.
చుట్టుచుట్టుకీ ఎర్రపొడి రాలుస్తూ, గొణుగుతూ,
చివరికి గుడ్డ చుట్టిన అరచేతిలో పడింది.
అత్త దాన్ని గుడ్డతో సహా తీసుకుని
ఏప్రన్ జేబులో వేసుకుంది.
ఎందుకని అడగలేదు.

కుడివైపు మిగిలింది.
కొవ్వొత్తి, సుత్తి, గొట్టం, మిగిలిన తిట్లు
అన్నీ సర్దుకుని అటు పాకాను.
పానా ఎత్తకముందే
వేలు తగిలి నట్టు తిరిగింది.

రెండు వేళ్లతో విప్పేశాను.
అది ఎవరూ బిగించనే లేదు.
సగం మర దాకా ఎక్కించి
తర్వాత చూద్దాంలే అని వదిలేశారు.
ఎవరో. ఎప్పుడో.

ఈవోని రోజూ బడికి దింపేది ఈ బండిలోనే.
సముద్రం పక్క రోడ్డు.
మంచు నల్లగా మెరిసే ఆ మలుపు.

"ఏమైంది? అది కూడా మొండికేసిందా?"
"లేదు," అన్నాను.
లేచి రాలేదు. ట్రక్కు అడుగు చూస్తూ
అట్ట మీదే ఉండిపోయాను చాలాసేపు.

"అత్తా, ఆ ఎడమ బోల్టు చల్లారిందా?"

జేబు మీద చెయ్యి వేసి చూసుకుని,
"ఇంకా లేదు," అంది.